ముందు పోటు గీత తేల్చుకోండి: తీర కార్బన్ క్రెడిట్లను చట్టబద్ధంగా అమ్మడం ఎలా

మడ అడవిని కాపాడి కార్బన్ క్రెడిట్లు (ఒక్కొక్కటి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గింపుకు గుర్తు) అమ్ముదామని బయల్దేరేవాళ్లు ముందు శాస్త్రవేత్తను పిలుస్తారు. బురద తవ్విస్తారు, ఉపగ్రహ చిత్రాలు కొంటారు, లెక్క చేతికొచ్చేసరికి ఒకటి రెండేళ్లు గడిచిపోతాయి. అప్పుడు కొనేవాళ్ల లాయరు అడిగే మొదటి ప్రశ్న: ఈ బురద ఎవరిది? జవాబు లేకపోతే పెట్టిన ఖర్చంతా అక్కడే ఇరుక్కుంటుంది. అందుకే ఇక్కడ వరుస మార్చి చెబుతున్నాం. ముందు హక్కు, తర్వాత సమ్మతి, అనుమతి. ఆ తర్వాతే కొలత. అమ్మకం అన్నిటికంటే చివర.

1. మీ దగ్గరున్నది క్రెడిట్ అయ్యే సరుకేనా?

తీరంలో కార్బన్ క్రెడిట్లకు బాగా కుదురుకున్న పద్ధతులున్నవి మూడిటికే: మడ అడవులు, సముద్ర గడ్డి మైదానాలు, ఉప్పు చిత్తడి నేలలు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2013లో తెచ్చిన చిత్తడి నేలల అనుబంధం ఈ మూడిటికీ లెక్కలు కట్టే దారి చూపింది. దేశాలు తమ జాతీయ ఉద్గారాల పద్దులో వీటిని చేర్చుకునేది దాని ఆధారంగానే. సముద్రపు నాచుకు ఆ స్థానం లేదు. జపాన్‌లో 2020లో మొదలైన జే-బ్లూ క్రెడిట్ లాంటి ఒకటి రెండు వ్యవస్థలు నాచు మడులనూ ఒప్పుకుంటున్నాయి గానీ, అదే క్రెడిట్‌ను మరోచోట అమ్మబోతే అడ్డుపడతారు. చేపలు, తిమింగలాల పేరుతో క్రెడిట్లు అని ఎవరైనా వస్తే, ఏ పద్ధతి కింద, ఏ రిజిస్ట్రీలో (క్రెడిట్ల ఖాతాలు నడిపే నమోదు వ్యవస్థలో) అని రెండు ప్రశ్నలు వేయండి.

రెండో పరీక్ష: చట్టం ఎలాగూ చేయమన్న పనికి క్రెడిట్ రాదు. రేవు కట్టినందుకు పరిహారంగా వంద హెక్టార్ల మడ నాటాలని పర్యావరణ అనుమతిలో షరతు ఉంటే, ఆ వంద హెక్టార్లూ ప్రాజెక్టు హద్దు బయటే ఉండాలి. ఆ అనుమతి పత్రాలు మీ చేతిలో లేకుండా హద్దు గీయకండి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట తిరగేసేవి అవే.

2. హక్కు: నేల, చెట్టు, కార్బన్, వాడుక

అసలు చిక్కంతా ఇక్కడే కాబట్టి ఈ మెట్టు మీద తొందరపడకండి.

సర్వే పటాలు సాధారణంగా పోటు గీత దగ్గర ఆగిపోతాయి. మడ అడవి పెరిగేది ఆ గీతకు అటువైపు, పోటుకు మునిగి ఆటుకు తేలే నేలలో. ఒకే బురదనేల అటవీ శాఖ పుస్తకాల్లో అడవి, మత్స్య శాఖకు చేపల తావు, రేవు అధికారులకు రేవు హద్దు, పక్క రైతుకు తాతల నాటి మేత భూమి కావచ్చు. నలుగురి దగ్గరా కాగితాలుంటాయి, నలుగురివీ చెల్లేవే కావచ్చు.

కాబట్టి అమావాస్యకో పౌర్ణమికో వచ్చే పెద్ద పోటు రోజు చూసుకుని జీపీఎస్ పట్టుకుని నడవండి. నాలుగు గీతలు నమోదు చేయండి: పెద్ద పోటు నీరు ఎక్కడిదాకా ఎక్కింది, మామూలు పోటు ఎక్కడ ఆగుతుంది, చెట్ల అంచు ఎక్కడ, ఆటుకు నీరు ఎక్కడిదాకా వెనక్కు పోయింది. వాటిని సర్వే పటం మీద వేసి చూస్తే ఏ ముక్క ఎవరి పరిధిలో పడిందో బయటపడుతుంది. ఒండ్రు మేటవేసి కొత్తగా లేచిన నేల, కోతకు పోయిన నేల విడిగా గుర్తించండి. మేటనేల కొన్ని చట్టాల్లో పక్క భూమి యజమానిది, కొన్నిటిలో ప్రభుత్వానిది. ప్రాజెక్టు నలభై ఏళ్లది అయినప్పుడు ఈ గీతలు తప్పకుండా పక్కకు జరుగుతాయి. అందుకని ఒప్పందంలో హద్దును ‘పోటు గీత వరకు’ అని రాయొద్దు, అక్షాంశ రేఖాంశాలతో రాయండి. సముద్రమట్టం పెరిగితే మడ లోపలి గట్టు వైపు జరుగుతుంది. ఆ గట్టు నేల మీద హక్కు ఇప్పుడే తీసుకోకపోతే చెట్లు హద్దు దాటిపోతాయి, వాటితోపాటు క్రెడిట్లూ.

తర్వాత ఈ నాలుగు ప్రశ్నలకూ విడివిడిగా రాతపూర్వక జవాబు సంపాదించండి. నేల ఎవరిది? చెట్టు ఎవరిది? కార్బన్ మీద వచ్చే లాభం ఎవరిది? చేపలు, పీతలు, కట్టెలు, మేత వాడుకునే హక్కు ఎవరిది? చాలా దేశాల చట్టాల్లో మూడో ప్రశ్నకు నేరుగా జవాబుండదు. అలాంటిచోట నేల హక్కు ఉన్నవారి నుంచి ‘ఈ ప్రాజెక్టు వల్ల వచ్చే ఉద్గారాల తగ్గింపు మీద, దాని ఆదాయం మీద హక్కు ఫలానా వారిది’ అని స్పష్టమైన బదిలీ రాయించుకోవాలి. లీజు పత్రం ఉంది కదా అని ఊరుకోవద్దు. లీజు నేలను వాడుకోనిస్తుందే గానీ, కార్బన్ లాభం ఎవరిదో తేల్చదు.

కెన్యాలోని గాజీ అఖాతంలో 2013 నుంచి నడుస్తున్న మికోకో పమోజా చూడండి. 117 హెక్టార్ల మడ అడవి, నేల ప్రభుత్వానిది. ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి, అటవీ సంస్థతో ఉమ్మడి యాజమాన్య ఒప్పందం చేసుకుని, దాని బలం మీద ప్లాన్ వివో ప్రమాణం కింద క్రెడిట్లు అమ్ముతున్నారు. ఏడాదికి సుమారు 3,000 టన్నులు. విస్తీర్ణం చిన్నదే అయినా కాగితం గట్టిది. నేల సొంతం కాకపోయినా క్రెడిట్ అమ్మవచ్చనడానికి మంచి నమూనా అది.

సముద్ర గడ్డి విషయంలో పటం ఇంకాస్త లోపలికి పోతుంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఆ దేశపు సార్వభౌమత్వం, 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలం. నీటి అడుగు నేల మీద ప్రైవేటు హక్కు ఉండటం అరుదు. అక్కడ ప్రభుత్వ అనుమతి లేకుండా మీకు అమ్మే హక్కు దాదాపు రాదనే అనుకుని పని మొదలుపెట్టండి.

3. ఊరి సమ్మతి

ముందుగా, అన్నీ తెలియజేసి, ఎవరి ఒత్తిడీ లేకుండా తీసుకున్న సమ్మతి కావాలి. ఆదివాసుల హక్కుల మీద 2007లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ప్రకటన ఈ ప్రమాణాన్ని నిలబెట్టింది. ప్రధాన క్రెడిట్ ప్రమాణాలన్నీ ఏదో ఒక రూపంలో దీన్ని అడుగుతాయి. ఒక సభ పెట్టి సంతకాలు తీసుకుంటే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. పీతలు ఏరుకునే ఆడవాళ్లు, కాలానుగుణంగా వచ్చిపోయే జాలరులు, ఊరి జాబితాలో పేరు లేనివాళ్లు సభకు రారు. రేపు గస్తీ పెట్టి కట్టెలు కొట్టొద్దంటే జీవనం పోయేది వాళ్లదే. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి, వాళ్ల భాషలో చెప్పాలి. వద్దనే హక్కు కూడా వాళ్లకుందని చెప్పాలి. ఎవరితో, ఎప్పుడు, ఏం మాట్లాడారో తేదీలతో రాసిపెట్టండి.

పంపకం నిష్పత్తి ముందే తేల్చండి, అదీ మొత్తం ఆదాయంలోనా, ఖర్చులు పోనా అన్నది అక్షరాల్లో రాయండి. గొడవలు ఎక్కువగా ఈ ఒక్క మాట దగ్గరే వస్తాయి. కెన్యా 2023లో వాతావరణ మార్పు చట్టాన్ని సవరించి, భూమి ఆధారిత ప్రాజెక్టుల్లో ముందటి ఏడాది ఆదాయం నుంచి నిర్వహణ ఖర్చులు తీసేయగా మిగిలినదానిలో కనీసం 40 శాతం స్థానిక సమాజానికి చెందాలని పెట్టింది. మీ దేశంలో అలాంటి నియమం లేకపోయినా ఆ వాక్యం తీరు గమనించదగ్గది: ‘ఖర్చులు’ అంటే ఏవో, వాటికి గరిష్ఠ పరిమితి ఎంతో మీ ఒప్పందంలో రాయకపోతే పంచడానికి ఏమీ మిగలదు.

4. దేశం నుంచి అనుమతి

ఇక్కడ రెండు వేర్వేరు పత్రాలున్నాయి, కలిపేయొద్దు. ఒకటి దేశీయ అనుమతి: తీర నియంత్రణ, అటవీ, మత్స్య చట్టాల కింద పని చేసుకోవడానికి, ప్రాజెక్టుగా నమోదు కావడానికి. రెండోది పారిస్ ఒప్పందం ఆరో అధికరణం కింద ఇచ్చే అధికార పత్రం. క్రెడిట్‌ను మరో దేశం తన లక్ష్యానికి వాడుకోవాలన్నా, విమానయాన సంస్థలు కోర్సియా (అంతర్జాతీయ విమానాల ఉద్గారాలకు పరిహారం కోరే పథకం) కింద వాడాలన్నా రెండోది తప్పనిసరి.

రెండో పత్రం ఎందుకంత బరువైనదో చిన్న లెక్కతో చూడండి. ఒక దేశపు ఉద్గారాలు ఏడాదికి 100 టన్నులనుకోండి. ఆ 100కి దిగడంలో మడ అడవుల వల్ల తగ్గిన 2 టన్నులను బయటి దేశానికి అమ్మింది. అప్పుడు తన పద్దులో 102 అని చూపాలి. దీన్నే అనుగుణ సర్దుబాటు అంటారు. ఒకే తగ్గింపును ఇద్దరు లెక్కవేసుకోకుండా 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో కుదిరిన నియమం ఇది. మిగిలిన నియమావళి 2024లో బాకులో పూర్తయింది. అమ్మిన దేశం తన లక్ష్యం చేరడానికి ఆ 2 టన్నులూ మరోచోట తగ్గించుకోవాలి గనక ప్రభుత్వాలు ఈ సంతకం అంత తేలిగ్గా పెట్టవు. ఆరో అధికరణంలోని, ఐక్యరాజ్యసమితి నడిపే 6.4 మార్గంలో వెళితే మామూలుగా జారీ సమయంలోనే 5 శాతం అనుసరణ నిధికి పోతుంది, మరో 2 శాతం శాశ్వతంగా రద్దవుతుంది. ధర లెక్కల్లో ఇది ముందే వేసుకోండి.

అధికార పత్రం చేతికొచ్చాక మూడు మాటల కోసం వెతకండి: ఎన్ని టన్నులకు, ఏ సంవత్సరాల ఉద్గారాలకు, ఏ వాడకానికి. ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకునే అధికారం ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి. మొదటి బదిలీ జరిగాక రద్దు ఉండదని ఒక వాక్యం ఉంటే కొనేవాళ్లకు ధైర్యం. ఇంకో చిక్కు చాలామంది గమనించరు: ఆ దేశపు జాతీయ పద్దులో మడ అడవుల మట్టి కార్బన్ అసలు చేర్చారా? చేర్చకపోతే సర్దుబాటు అడిగినప్పుడు అధికారులు తటపటాయిస్తారు. పద్దు నివేదిక తెరిచి చిత్తడి నేలల వరుస చూసుకోవడం ఒక పూట పని.

ప్రభుత్వాలు మనసు మార్చుకోవడం ఊహ కాదు. పపువా న్యూగినీ 2022లో కొత్త ప్రాజెక్టులను నిలిపేసింది. జింబాబ్వే 2023 మేలో పాత ఒప్పందాలు చెల్లవని ప్రకటించి, ఆదాయంలో సగం తనదేనంది. కొన్ని నెలలకే ఆ వాటాను సవరించింది. అందుకే ఏడో మెట్టులోని ‘చట్టం మారితే’ షరతు అలంకారం కోసం కాదు.

5. పద్ధతి ఎంచుకుని కొలవడం

ఏ పద్ధతి అన్నది పనిని బట్టి. చెడిన ఆటుపోట్ల చిత్తడి నేలను, సముద్ర గడ్డిని పునరుద్ధరిస్తుంటే క్రెడిట్ ప్రమాణాలు, రిజిస్ట్రీ నడిపే వెర్రా సంస్థ పద్ధతి వీఎం0033 వాడతారు. పాకిస్తాన్‌లోని సింధు డెల్టా ప్రాజెక్టు దాని కిందిదే. నిలిచి ఉన్న అడవిని నరికివేత నుంచి కాపాడేందుకు వీఎం0007 వాడుతూ వచ్చారు. కొలంబియాలోని సిస్పాటా అఖాతంలో వీదా మాంగ్లార్ ప్రాజెక్టు దీని కింద మడ మట్టిలోని కార్బన్‌నూ లెక్కలోకి తెచ్చింది. ఆస్ట్రేలియా 2022లో సొంత పద్ధతి తెచ్చింది: కట్టలు, తలుపులు తొలగించి ఆటుపోట్ల నీటిని తిరిగి లోపలికి రానివ్వడానికి. చైనా 2023లో తన స్వచ్ఛంద క్రెడిట్ల వ్యవస్థకు ప్రకటించిన మొదటి నాలుగు పద్ధతుల్లో మడ అడవుల పెంపకం ఒకటి. దేశీయ వ్యవస్థ క్రెడిట్ సాధారణంగా ఆ దేశంలోనే చెల్లుతుంది. ఎవరికి అమ్మాలో తేలకుండా పద్ధతి ఎంచుకోకండి.

కొలతలో న్యాయపరమైన వివాదంగా మారే తప్పులు మట్టి దగ్గరే ఎక్కువ. గొట్టం మీటరు లోతు దిగింది, బయటికి తీస్తే మట్టి కడ్డీ 80 సెంటీమీటర్లే ఉంది. మిగతా 20 ఎక్కడికీ పోలేదు, మట్టి నొక్కుకుపోయింది. ఆ సంగతి రాయకుండా సాంద్రత కట్టి మీటరుకు పెంచేస్తే లెక్క 25 శాతం ఉబ్బుతుంది. అందుకని గొట్టం బయటికి లాగకముందే లోపలి మట్టి పైమట్టం, బయటి నేలమట్టం రెండూ టేపుతో కొలిచి, ఫొటో తీసి, అక్కడికక్కడే ఫారంలో రాయాలి. నమూనాలో గవ్వల ముక్కలుంటే ఆమ్లంతో శుద్ధి చేశాకే సేంద్రియ కార్బన్ కొలవాలి. గవ్వ సున్నంలోని కార్బన్ మీది కాదు. నది మోసుకొచ్చి ఒండ్రుతో నింపిన కార్బన్‌లో ఎలాగూ నిలిచి ఉండే వంతును కూడా వీఎం0033 తీసేయమంటుంది.

లెక్క ఇలా సాగుతుంది. మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.5 గ్రాములు, సేంద్రియ కార్బన్ 4 శాతం అయితే, మీటరు లోతుకు చదరపు సెంటీమీటరుకు 2 గ్రాములు, అంటే హెక్టారుకు 200 టన్నుల కార్బన్. 44ను 12తో భాగిస్తే వచ్చే 3.67తో గుణిస్తే సుమారు 734 టన్నుల కార్బన్ డయాక్సైడ్. దయచేసి ఈ అంకెను అమ్మకం కాగితాల్లో పెట్టకండి. ఇది నేలలో ఉన్న నిల్వ. క్రెడిట్ వచ్చేది ప్రాజెక్టు లేకపోతే జరిగేదానికీ, ఉన్నందువల్ల జరిగినదానికీ మధ్య తేడాకు మాత్రమే. నిల్వను క్రెడిట్‌గా చూపి పెట్టుబడి తెచ్చుకుంటే అది తప్పుడు ప్రకటన కిందకు వస్తుంది.

నీటి ఉప్పదనం కూడా నెలనెలా రాయండి. వెయ్యి భాగాలకు 18 భాగాల కంటే ఉప్పు తక్కువుంటే మీథేన్ వెలువడుతుంది. ఒక టన్ను మీథేన్ వందేళ్ల లెక్కలో 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అది మీ లెక్కలోంచి తీసేయాల్సిందే. కొలతల్లో అనిశ్చితి, 90 శాతం విశ్వాస స్థాయిలో, సగటుకు అటూఇటూ 20 శాతం దాటితే కోత పడుతుంది. నమూనాలు తక్కువ తీసి మిగుల్చుకున్న డబ్బు ఆ కోతలో పోతుంది.

6. నమోదు, తనిఖీ, బఫర్

ప్రాజెక్టు పత్రం రిజిస్ట్రీలో పెట్టాక వెర్రా దగ్గర 30 రోజులు ప్రజాభిప్రాయానికి ఉంచుతారు. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ జవాబు రాయాలి. గుర్తింపు పొందిన స్వతంత్ర సంస్థ తనిఖీ చేశాక నమోదు, ఆపైన పర్యవేక్షణ నివేదిక మీద మరో తనిఖీ, అప్పుడు జారీ. నేల మీదికి వచ్చే తనిఖీదారు ఆటు సమయంలో రావాలని ముందే చెప్పి తేదీ కుదర్చండి. పోటు రోజు వచ్చి పడవలోంచి చూసి వెళితే సగం ప్రశ్నలు అలాగే మిగిలి, మళ్లీ రావాల్సి వస్తుంది.

తుఫాను, నరికివేత లాంటి నష్టాలకు భద్రతగా ప్రతి జారీ నుంచి కొంత బఫర్‌లోకి వెళుతుంది. ఉదాహరణకు 500 హెక్టార్లలో హెక్టారుకు ఏడాదికి నికరంగా 6 టన్నులు తేలితే 3,000. ప్రమాద అంచనా 20 శాతం అయితే 600 బఫర్‌కు, 2,400 అమ్మకానికి. పెట్టుబడిదారులకు 3,000 అని చెప్పినవాళ్లు మొదటి ఏడాదే మాట పడతారు.

రిజిస్ట్రీ ఖాతా ఎవరి పేరున ఉంది? ఊరి సంఘానికి సొంత ఖాతా తెరిచే స్థోమత లేక మధ్యవర్తి ఖాతాలో క్రెడిట్లు పెడుతుంటారు. రిజిస్ట్రీ దృష్టిలో ఖాతాదారే హక్కుదారు. ఆ మధ్యవర్తి దివాలా తీస్తే సంఘం అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి. క్రెడిట్లను సంఘం తరఫున ట్రస్టుగా ఉంచుకున్నామని, అవి మధ్యవర్తి ఆస్తిలో భాగం కావని రాతపూర్వకంగా తీసుకోండి. ఉపఖాతా విడిగా పెట్టించండి.

7. అమ్మకపు ఒప్పందం

జారీ అయిన క్రెడిట్‌ను చేతికి చేతి అమ్మడం సులువు. సీరియల్ నంబర్లు రాసి, డబ్బు అందాక బదిలీ చేస్తే సరి. రాబోయే క్రెడిట్లను ముందే అమ్మేటప్పుడే జాగ్రత్త. ‘జారీ అయినంతే ఇస్తాం’ అన్న ఒప్పందానికీ ‘ఏడాదికి ఇన్ని ఇచ్చితీరతాం’ అన్నదానికీ మధ్య ఒక ప్రాజెక్టు మునిగిపోయేంత తేడా ఉంది. రెండోదానిలో తుఫాను వస్తే బయట మార్కెట్లో కొని ఇవ్వాల్సింది అమ్మినవాళ్లే. చిన్న సంఘాలు మొదటి రకానికే కట్టుబడాలని మా గట్టి మాట.

ఈ అంశాల మీద షరతులు లేని ఒప్పందం మీద సంతకం వద్దు: హక్కు మీద హామీ, అనుగుణ సర్దుబాటు జరగకపోతే ఎవరి నష్టం, చట్టం మారితే ధర ఎలా తిరిగి కుదురుతుంది, పన్ను ఎవరిది, తగవు ఏ దేశపు చట్టం కింద తేలుతుంది. అంతర్జాతీయ స్వాప్స్, డెరివేటివ్స్ సంఘం ఇస్డా 2022లో స్వచ్ఛంద క్రెడిట్ల కోసం ప్రామాణిక నిర్వచనాలు ప్రచురించింది. పెద్ద కొనుగోలుదారులు వాటిని తెస్తే చదివించుకోండి. క్రెడిట్ వస్తువా, హక్కా, ఆర్థిక సాధనమా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో ఉద్గార అనుమతులు ఆర్థిక సాధనాలు, స్వచ్ఛంద క్రెడిట్ నేరుగా ఆ కోవలోకి రాదు. కానీ దాని మీద ఫ్యూచర్స్ అమ్మితే ఆర్థిక మార్కెట్ల లైసెన్సు ప్రశ్న వస్తుంది.

8. నడి సముద్రం సంగతి వేరు

ఇనుము చల్లి నాచు పెంచడం, నాచును లోతుకు ముంచడం లాంటి వాటికి తీర ప్రాజెక్టుల దారి పనికిరాదు. అవి లండన్ ఒప్పందం, దాని 1996 ప్రోటోకాల్ కిందికి, అంటే సముద్రంలో పారబోత చట్టాల కిందికి వస్తాయి. 2008 తీర్మానం శాస్త్ర పరిశోధన తప్ప సముద్ర ఎరువు పనులను అనుమతించరాదంది. 2010 నాటి అంచనా విధానం, ఆ ప్రయోగం నుంచి నేరుగా ఆర్థిక లాభం ఉండకూడదంది. ఇక క్రెడిట్ అమ్మకం ఎక్కడ? 2012లో కెనడా పశ్చిమ తీరం దగ్గర సుమారు 100 టన్నుల ఇనుప సల్ఫేటు కలిపిన ప్రయత్నం వెనుక క్రెడిట్ల ఆశ కూడా ఉంది. దాని మీద దర్యాప్తు, అంతర్జాతీయ అభ్యంతరాలు వచ్చాయి. 200 మైళ్లు దాటాక మరో లోటు: అధికార పత్రం ఇచ్చే దేశమే లేదు. 2023లో కుదిరి 2026 జనవరి 17న అమల్లోకి వచ్చిన బహిరంగ సముద్రాల ఒప్పందం అక్కడి పనులకు పర్యావరణ ప్రభావ అంచనా నియమాలు పెట్టింది.

9. అమ్మాక

కొన్నవాళ్లు వాడుకున్నట్టు చెప్పుకోవాలంటే రిజిస్ట్రీలో ఆ సీరియల్ నంబర్లను శాశ్వతంగా విరమింపజేయాలి, అంటే మళ్లీ అమ్మడానికి వీల్లేకుండా చేయాలి. ఎవరి తరఫున, ఏ ఏడాదికి అన్నది అక్కడే రాయించండి. వాళ్లు తమ ప్రకటనల్లో మీ ప్రాజెక్టు పేరు ఎలా వాడతారో ఒప్పందంలో కట్టడి చేయండి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఆదేశం, క్రెడిట్లు కొన్నాం గనక మా వస్తువు ‘కార్బన్ తటస్థం’ అని వినియోగదారులకు చెప్పడాన్ని నిషేధిస్తుంది. అది 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. ఆ ప్రకటన మీద కేసు పడితే మొదట అడిగేది మీ పర్యవేక్షణ నివేదికలనే.

తుఫాను గాని, నరికివేత గాని అడవిని దెబ్బతీస్తే దాచకండి. వెర్రా నియమాల్లో నష్టం తెలిసిన రెండేళ్లలోపు నష్ట నివేదిక ఇవ్వాలి, తేలిన మేరకు బఫర్ నుంచి క్రెడిట్లు రద్దవుతాయి. తుఫాను వెళ్లిన వారంలోనే, నీరు తగ్గగానే అవే జీపీఎస్ బిందువుల దగ్గర నిలబడి, అదే దిక్కుకు ఫొటోలు తీయండి. కూలిన చెట్లను లెక్కపెట్టండి, బురద కొట్టుకుపోయిందా మేటవేసిందా కొలకర్రతో చూడండి. చెట్లు పడిపోయి మట్టి నిలిచి ఉంటే, పోయింది చెట్లలోని కార్బన్ మాత్రమే. ఆ తేడా చూపించగలిగేది ఆ వారంలో తీసిన కొలతలే.